ఈశాన్యం మూల

ఇల్లు కొనేవాళ్లు వంటగదిని చూసి మనసు పారేసుకుంటారు, కాకపోతే వెనకాల తోటను చూసి. విమల మాత్రం స్నానాల గదిని చూసి పారేసుకుంది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఎనభై దాటిన తల్లిని వెంటపెట్టుకుని, లిఫ్టు నెలలో పది రోజులు మూలపడి ఉండే భవనంలో, మూడో అంతస్తు ఫ్లాటులో, లండన్ శివారు క్రోయిడన్‌లో పదకొండేళ్లు కాపురం చేసి ఉంటే వాళ్లకూ తెలిసేది.

ఆ ఇల్లు బ్రాక్‌నెల్ ఊరి చివర ఉంది. అరవై ఏళ్ల నాటి ఇటుక ఇల్లు, వాలు కప్పు, మేడ లేదు. ఇక్కడివాళ్లు మేడ లేని ఇంటినే బంగళా అంటారు. ఫోటో చూసి కరీంనగర్‌లో విమల భర్త బాపురావుకు అన్న అయినాయన, "ఇదేం బంగ్లారా, పాత బడి లెక్క ఉన్నది" అన్నాడట. కార్పెట్లు మాసి, గోడ కాగితాలు లేచిపోయి, నిజంగానే చూడముచ్చటగా ఏమీ లేదు. ఇంటి యజమాని ముసలాయన. భార్య పన్నెండేళ్లు చక్రాల కుర్చీలో ఉందని, ఆమె కోసం కౌన్సిల్ వాళ్లు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, కట్టించిన గది ఒకటి ఉందని, అది మీకు నచ్చకపోవచ్చని ముందే క్షమాపణ చెప్పుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ దాన్నే పీకించేస్తామన్నారట.

తలుపు తీస్తే గడప లేదు. నేలంతా ఒక్క మట్టం, తడిసినా కాలు జారని నేల. కూర్చుని స్నానం చేయడానికి గోడకు మడత కుర్చీ. కమోడ్‌కు అటూ ఇటూ పట్టుకోవడానికి కడ్డీలు. పడిపోతే లాగడానికి పైనుంచి ఒక ఎర్ర తాడు. విమల తల్లి సావిత్రమ్మ చేతికర్ర ఊతంతో లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి కూతురి చెవి దగ్గర మెల్లగా, "మంచిగున్నది బిడ్డా" అంది.

ఆ ఒక్క మాటతో విమల లెక్కలో ఇల్లు ఖాయమైపోయింది. ఎందుకంటే సావిత్రమ్మ ఫలానాది బాగుందని, ఫలానాది కావాలని అనే మనిషి కాదు. ఒక్కగానొక్క కూతురు. భర్త పోయాక కూతురే పట్టుబట్టి లండన్ తీసుకొచ్చుకుంది. వచ్చి పదిహేనేళ్లు దాటినా, తను ఉంటున్నది అల్లుడి ఇంట్లో అన్న సంగతి ఆవిడ ఒక్క పూట మరిచిపోలేదు. అల్లుడితో నేరుగా మాట్లాడదు, కూతురితో చెబితే కూతురు చెప్పాలి. అల్లుడు హాల్లోకి వస్తే టీవీ ఆపేసి తన గదిలోకి వెళ్లిపోతుంది. ఏం కూర వండమంటవమ్మా అంటే మీ ఇష్టం. గుడికి పోదామా అంటే మీ ఇష్టం. చలిగా ఉందా, హీటర్ పెంచాలా అన్నా మీ ఇష్టమే. మా అత్తమ్మ నోట్లో నాలుక లేని మనిషి అని బాపురావు పదిమందిలో మెచ్చుకునేవాడు. మెచ్చుకోడూ మరి, అంతకన్నా సుఖమైన అత్తగారు ఎవరికి దొరుకుతుంది?

బాపురావు చెడ్డవాడేం కాదు. ఆ మాట ముందే చెప్పాలి. అత్తగారిని తెచ్చుకుందాం అన్నప్పుడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి విసుక్కోలేదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, తలవంచుకుని పని చేసుకుపోయే మనిషి. కానీ తోటి ఉద్యోగి ఇంట్లో గోడలన్నీ తీసేసిన హాలును, నడుమ రాతి దిమ్మె ఉన్న వంటగదిని, వెనకాల తోటలోకి మడతలు మడతలుగా తెరుచుకునే అద్దాల తలుపులను చూసొచ్చాడు. అప్పటినుంచి అతని ఫోనులో కూతురి ఫోటోల కన్నా వంటగదుల ఫోటోలు ఎక్కువయ్యాయి. అది చాలదన్నట్టు హైదరాబాదులో కోటయ్య సిద్ధాంతి అని ఒకాయన దొరికాడు.

ఇల్లు కొన్నాక సిద్ధాంతిగారు బ్రాక్‌నెల్ వచ్చింది వాట్సాప్‌లో. బాపురావు ఒక చేతిలో దిక్సూచి, ఒక చేతిలో ఫోను పట్టుకుని ఖాళీ ఇల్లంతా తిప్పి చూపించాడు. ఆగ్నేయం బాగుంది, నైరుతి ఫరవాలేదు అంటూ వచ్చిన సిద్ధాంతి స్నానాల గది తలుపు తీయగానే కాసేపు మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నారు.

"అది ఈశాన్యం గద బాపురావుగారూ" అన్నాడు చివరికి. "ఈశాన్యంల మరుగుదొడ్డి పెట్టుకుని ఆ ఇంట్ల కాపురం చేస్తరా? ఆ ఇంటావిడ పన్నెండేండ్లు మంచాన పడ్డదని మీరే చెప్పిన్రు. ఇంకేం చెప్పమంటరు నన్ను?"

ఆవిడ జబ్బుపడ్డాక ఆ గది కట్టారని, గది కట్టినందువల్ల జబ్బు పడలేదని విమల అనబోయింది. బాపురావు చెయ్యెత్తి ఆపాడు. అప్పటికే అతని ముఖం పాలిపోయింది. కూతురు వర్షిత పెళ్లి సంబంధాలు కుదరకపోవడం, తనకు రావలసిన ప్రమోషన్ తప్పిపోవడం, అన్నీ ఆ గదిలోనే కనిపించాయి అతనికి. ఆ ప్రమోషన్ పోయింది క్రోయిడన్‌లో ఉండగా. ఆ సంగతి ఎవరు గుర్తుచేస్తారు?

విమల పోట్లాడింది. పోట్లాడలేదని అనడానికి లేదు. ఆ గది అమ్మకు పనికొస్తుందనే ఈ ఇల్లు కొన్నామంది, రెండు రోజులు అన్నం దగ్గర మాటామంతీ లేకుండా గడిపింది. బాపురావు కోప్పడలేదు, ప్లాను గీయించాడు. కప్పు లేపి పైన మూడు పడకగదులు, రెండు స్నానాల గదులు. కింద గోడలన్నీ తీసేసి ఒకటే హాలు, వంటగది. నైరుతిలో అత్తమ్మకు గది. ఈశాన్యంలో తెల్ల చలవరాయితో పూజగది. వాయవ్యంలో, మెట్ల కింద, చిన్న టాయిలెట్.

పని ఒప్పుకున్నది ఫయాజ్. హైదరాబాదు నుంచి కుర్రాడిగా వచ్చి పక్క ఊరు రెడింగ్‌లో మేస్త్రీగా స్థిరపడిన యాభై ఏళ్ల మనిషి. అతను టేపు పట్టి కొలిచి, మెట్లు రావలసిన చోట నేల మీద కాలితో తట్టి, తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ అయ్యేది లేదు సార్. మెయిన్ పైపు అటు కొసకుంది. వాలు సరిపోదు. మోటరు పెట్టాలె, ఫ్లష్ కొట్టినప్పుడల్లా గడగడ చప్పుడు, హాలంతా ఇనిపిస్తది."

"అయితే దీన్ని తర్వాత చూద్దాం. ముందు మిగతాది కానీ" అన్నాడు బాపురావు.

"సార్, నా మాటిను. ఉన్నదాన్ని ఉంచు. ఇంట్ల పెద్దమ్మ ఉంది" అన్నాడు ఫయాజ్. బాపురావు విననట్టు ప్లాను మడతపెట్టడం మొదలుపెట్టాడు.

అందరూ అప్పుడు ఆ పాత వంటగదిలోనే ఉన్నారు. సావిత్రమ్మ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఎటూ తేలని ఈ గొడవతో విమలకు అప్పటికే తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు పొద్దున్నే డ్యూటీ. జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టు ఉద్యోగం ఆమెది. ఫయాజ్ గడియారం చూసుకుంటున్నాడు. ఆమె తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు చెప్పు. కింద బాత్రూమ్ తీసేస్తే నీకు కష్టమైతదా?"

గదిలో ముగ్గురూ ఆవిడ వైపు చూశారు. సావిత్రమ్మ అల్లుడి బూట్ల వైపు చూసింది.

"నాకేంది బిడ్డా, నాలుగు మెట్లే గద" అంది. "మీ ఇష్టం."

"చూసినవా, అత్తమ్మకు లేని బాధ నీకెందుకు" అన్నాడు బాపురావు, గెలిచినట్టు కాదు, బరువు దిగినట్టు. విమలకు కూడా ప్రాణం తెరిపిన పడింది. ఆ రోజు అందరికీ టీ పెట్టింది.

నాలుగు కాదు, పద్నాలుగు మెట్లు.

ఏడు నెలలు పట్టింది. పాత ఇంటి ఆనవాలు ఒక్క ముందువైపు గోడ తప్ప మిగల్లేదు. గృహప్రవేశం ఘనంగా జరిగింది. పాలు పొంగించడం దగ్గర మాత్రం కొత్త పొయ్యి మొరాయించింది, అది గాజు పలక పొయ్యి, పాలు అంచు దాటి ఒక చుక్క ఒలికితే చాలు కుయ్యిమని ఆరిపోతుంది. మూడుసార్లు ఆరిపోయాక పురోహితుడు తన కారులోంచి క్యాంపింగ్ స్టవ్ తెచ్చాడు. ఆయనకు ఇది అలవాటేనట. వచ్చిన ఆడవాళ్లు రాతి దిమ్మెను చేత్తో నిమిరారు, మగవాళ్లు అద్దాల తలుపులను జరిపి జరిపి చూశారు. పూజగది తలుపు గంటలను పిల్లలు గణగణమనిపించారు. బాత్రూమ్ ఎక్కడ ఆంటీ అని అడిగినవాళ్లందరికీ విమల మెట్లు చూపించింది, అందరూ గబగబా ఎక్కి గబగబా దిగారు.

తర్వాత చలికాలం వచ్చింది. పొద్దున్న ఏడింటికి విమల తల్లి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లేది, స్నానం చేయించి దింపేది. మళ్లీ సాయంత్రం ఆరింటికి, తను డ్యూటీ నుంచి వచ్చాక, పడుకోబోయే ముందు ఇంకోసారి. పగలు నడుమ పదకొండు గంటలు. బాపురావు వారానికి మూడు రోజులు ఇంటినుంచే పని చేస్తాడు, పిలిస్తే వస్తాడు, విసుక్కోకుండా చెయ్యిస్తాడు. కానీ సావిత్రమ్మ అల్లుణ్ణి పిలిచి, నన్ను దొడ్డికి తీసుకుపో నాయనా అంటుందా? ప్రాణం పోయినా అనదు. అది విమలకు తెలియదా అంటే తెలుసు. తెలిసినా, అమ్మ ఎట్లాగో సర్దుకుంటున్నట్టుంది అనుకుంది. మంచం పక్కన పొద్దున పెట్టిన నీళ్ల జగ్గు సాయంత్రానికి నిండుగానే కనబడితే, అమ్మే మళ్లీ నింపుకుని ఉంటుందనుకుంది. చేతికర్రతో నడిచే మనిషి జగ్గెడు నీళ్లు ఎట్లా మోస్తుందో ఆలోచించే తీరిక ఎవరికుంది?

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం బాపురావు ఫోన్ చేశాడు. అత్తమ్మ మంచం మీద కూర్చుని, చనిపోయిన మామగారితో మాట్లాడుతోందని, తనను గుర్తుపట్టడం లేదని. విమల సర్జరీ నుంచి కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆంబులెన్సు వాళ్లు పెదాలు చూశారు, చేతి మీది చర్మాన్ని పట్టి లాగి చూశారు, అది వెంటనే వెనక్కి పోలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఒంట్లో నీరు లేదు, మూత్రంలో ఇన్ఫెక్షన్, అది తలకెక్కింది. ఇంట్లో నీళ్లు సరిగా తాగుతుందా అని అడిగింది. ఇదే ప్రశ్న విమల సర్జరీ కిటికీలోంచి ఎంతమంది ముసలివాళ్లను అడిగి ఉంటుందో లెక్కలేదు.

మూడో రోజుకు సావిత్రమ్మ మనుషుల్లో పడింది. వార్డులో ఆయమ్మ చక్రాల కమోడ్ తెచ్చి మంచం పక్కన పెట్టి, తెర లాగి, నవ్వుతూ బయట నిలబడుతోంది. సావిత్రమ్మ గ్లాసు తర్వాత గ్లాసు తాగుతోంది. విమల కుర్చీలో కూర్చుని అది చూసింది.

"ఇంట్ల ఎందుకు తాగలేదమ్మా?"

"దూప కాలేదు బిడ్డా" అంది సావిత్రమ్మ, దుప్పటి సర్దుకుంటూ.

గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న వర్షిత ఆ సాయంత్రం ఫోన్ చేసింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోటికి ఇంగ్లీషే వస్తుంది. అంతా విని, "మమ్, డిడ్ యు ఎవర్ ఆస్క్ హర్?" అంది.

"అడిగినం, అడగకుండ ఎందుకుంటం. డాడీ ముందే అడిగిన. ఫయాజ్ అంకుల్ కూడ ఉన్నడు."

"ఓకే మమ్" అని ఫోన్ పెట్టేసింది వర్షిత.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందు ఇల్లు చూడాలని థెరపిస్టు ఒకామె వచ్చింది. మెట్లు లెక్కపెట్టింది, ఎత్తు కొలిచింది. హాలులో నిలబడి చుట్టూ చూసి, చాలా అందంగా ఉంది అంది. మరి మీ అమ్మగారు టాయిలెట్‌కు ఎక్కడికి వెళ్తారు అని అడిగింది. విమల పైకి చూపించింది. మంచం పక్కన కమోడ్ పెడితే, దాన్ని రోజుకు ఐదారుసార్లు భోజనాల బల్ల పక్కనుంచి, మెట్ల మీదుగా పైకి మోయాలి, ఎవరు మోస్తారు అంది. చివరికి పూజగది తలుపు ముందు ఆగి, ఇదేం గది అంది.

"ఇంతకుముందు బాత్రూమ్ ఇక్కడే ఉండేది" అంది విమల. "కౌన్సిల్ వాళ్లు కట్టిందే. కుర్చీ, కడ్డీలు, అన్నీ. మేమే తీయించినం."

రాసుకుంటున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆమె తలూపి మళ్లీ రాసుకుంది. ఏదో ఒక మాట అని ఉంటే బాగుండునని విమలకు ఇప్పటికీ అనిపిస్తుంది. కింద టాయిలెట్ లేకుండా ఈ ఇంటికి పంపలేం, వేరే ఏర్పాటు చూడాల్సి వస్తుంది అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది. వేరే ఏర్పాటు అంటే ముసలివాళ్లను ఉంచే కేర్ హోమ్ అని విమలకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ పూట విమల మొగుడి ముందు కూర్చుంది. పూజగది మళ్లీ స్నానాల గది కావాలంది.

బాపురావు ఒంటికాలి మీద లేచాడు. "దేవుణ్ణి తీసి అండ్ల దొడ్డి కట్టిస్తవా? నీకేమన్న మతి ఉన్నదా? ప్రతిష్ఠ చేసినం, ఏడాది కాలేదు."

"దేవుణ్ణి పైకి తీస్కపోదాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు లేవు."

"విమలా."

"ఈశాన్యం మంచిగుంటే ఇంట్ల అందరు ఆరోగ్యంగ ఉంటరన్నడు గద మీ సిద్ధాంతి. ఎవరుంటరన్నడు? మా అమ్మ నీళ్లు బందు పెట్టుకుని సచ్చిపొయ్యేది. మీ ఇంట్ల. మీరు పక్క గదిల మీటింగుల ఉండంగ."

"నన్ను పిలిస్తే నేను రానంటినా?" బాపురావు గొంతు పడిపోయింది. "ఒక్కసారి పిలిస్తే నేను రాకపోదునా?"

"మిమ్ముల ఎట్ల పిలుస్తది?" అంది విమల. అతనికి ఆ సంగతి నిజంగా అంతవరకూ తట్టలేదు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. కోపం వచ్చిన చోట జాలి కూడా వచ్చింది ఆమెకు, అది ఇంకా కోపం తెప్పించింది.

ఫయాజ్‌కు ఫోన్ చేస్తే, "నేను పైపు కోసెయ్యలె మేడమ్, మూత పెట్టి పైన రాయేసిన" అన్నాడు. "ఎందుకో అప్పుడే అనిపించింది నాకు, మళ్ల పిలుస్తరని. నాల్గు రోజులిస్తె చాలు." సార్ అప్పుడు నా మాట వినలేదు అని మాత్రం అనలేదు. మంచి మనిషి.

విగ్రహాలను బాపురావే మోశాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. స్నానం చేసి, తడిబట్టతో, ఒక్కొక్క పటాన్నీ ఒక్కొక్క విగ్రహాన్నీ రెండు చేతుల్లో పట్టుకుని పద్నాలుగు మెట్లూ ఎక్కి దిగాడు. ఆ రోజు అన్నం తినలేదు. పని మొదలైన రోజు చలవరాయి పగిలే చప్పుడుకు ఇంట్లో ఉండలేక కారేసుకుని వెళ్లిపోయాడు. నాలుగో రోజు సాయంత్రం తిరిగొచ్చి, కొత్త కడ్డీలు పట్టుకుని కిందికి లాగి చూసి, గట్టిగున్నయి అన్నాడు. పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి తన మాట నెగ్గింది అనుకుంది విమల. గర్వంగానే అనుకుంది. ఫోనులో ఫోటోలు తీసి తల్లికి చూపించింది.

సావిత్రమ్మ ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. "దేవుడేడి?" అంది.

"పైన పెట్టినం. అల్లుడుగారే తీస్కపోయిన్రు."

"అయ్యో" అంది సావిత్రమ్మ. ఫోను తిరిగిచ్చి కళ్లు మూసుకుంది. అలసిపోయిందనుకుంది విమల.

పంపేముందు సోషల్ వర్కర్ వచ్చి మాట్లాడాలన్నారు. నలభై ఏళ్లుంటాయి, పేరు జూడిత్. అమ్మకు ఇంగ్లీషు రాదు, నేను చెబుతాను అని విమల కుర్చీ దగ్గరికి లాక్కుంది. జూడిత్ నవ్వి, పేషెంటుతో విడిగా మాట్లాడటం మా పద్ధతి, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఫోనులో పెట్టుకుంటాం, మీరు కాసేపు బయట కూర్చోండి అంది. విమలకు కొంచెం కష్టమనిపించింది. కన్నకూతురు ఉండగా బయటి మనిషి దేనికి? తలుపు మూసేలోపు ఫోను స్పీకరులోంచి, "నమస్తే అమ్మమ్మా, మంచిగున్నరా?" అని ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. ఎక్కడి పిల్లో, ఏ ఊళ్లో మాస్టర్స్ చదువుతూ ఖాళీ గంటల్లో ఈ పని చేసుకుంటోందో.

ఐదు నిమిషాల్లో అయిపోతుందనుకుంది. మీ ఇష్టం అనడానికి ఎంతసేపు కావాలి? పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. తలుపు గాజులోంచి చూస్తే అమ్మ చేతులు కదులుతున్నాయి. ఫోను వైపు వంగి, చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. నలభై నిమిషాలు మాట్లాడింది. తల్లి తన గురించి తాను నలభై నిమిషాలు ఏకబిగిన మాట్లాడటం విమల పుట్టిన దగ్గర్నుంచి చూడలేదు.

జూడిత్ బయటికొచ్చి ఆమెను పక్కన చిన్న గదిలోకి తీసుకెళ్లింది. బల్ల మీద టిష్యూ పేపర్ల పెట్టె ఉంది. మీ అమ్మగారు ఈ సంగతి మీకు చెప్పమని నన్ను అడిగారు, తనకు నోరు రాదన్నారు అని మొదలుపెట్టింది. ఆవిడ ఇంటికి రావడం లేదు. కేర్ హోమ్‌కు వెళ్తానంటున్నారు. మతి స్థిమితంగానే ఉంది, రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

"కింద బాత్రూమ్ కట్టించినం" అంది విమల. "ఫోటోలు చూపించిన. అమ్మకు అర్థం కాలేదేమో."

అర్థమైంది అంది జూడిత్. కాగితాలు తిప్పి, ఇంటర్‌ప్రెటర్ ఇంగ్లీషులో చెప్పిన మాటలు రాసుకున్నది రాసుకున్నట్టు చదివింది. ఆ ఇంగ్లీషు ముక్కల కింద తల్లి గొంతు విమలకు మాట మాటకూ వినిపించింది.

నా బిడ్డ మంచిది. అల్లుడు దేవుడసొంటోడు. నన్ను ఎవ్వరు ఒక్క మాటనలే. కాని ఆ ఇంట్ల నేను ఏది కావాల్నన్నా ఎవరినో ఒకర్ని అడగాలె. అడిగితే వాళ్లిద్దరికి కొట్లాట. ఇప్పుడు నా కోసం దేవుణ్ణి లేపి పైకి పంపిన్రు. నేను దినాం పోయి ఆ జాగల ఎట్ల కూసుందు? కేర్ హోమ్‌ల చేసేటోళ్లకు అది పని. పని చేసేటోళ్లను అడగొచ్చు, సిగ్గు లేదు.

ఇంకొకటి ఉంది, చదవమంటారా అంది జూడిత్. విమల తలూపింది.

నా బిడ్డ నన్ను ఒక్కసారి అడిగింది, తీసెయ్యాల్నా వద్దా అని. అల్లుడి ముందట అడిగింది, పరాయి మనిషి ముందట అడిగింది. నిజంగ తెలుసుకోవాల్నని ఉంటే నా మంచం మీద కూసోని అడగాలె. నేనేమంటనో దానికి తెలుసు. తెలిసే అక్కడ అడిగింది.

విమల కాదనబోయింది. ఫయాజ్ తొందరపడుతున్నాడు, మర్నాడు డ్యూటీ ఉంది, ఇద్దరి మధ్యా నలిగిపోయి ఉన్నాను, అట్లా అనుకోకుండా నోట్లోంచి వచ్చింది, అంతే. ఆ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. తల్లి మీ ఇష్టం అనగానే తన ప్రాణం ఎట్లా తెరిపిన పడిందో కూడా వాటి వెంటే వచ్చింది. ఇంకెవరూ చూడలేదనుకున్న ఆ క్షణాన్ని స్టూలు మీద కూర్చున్న ముసలావిడ చూసింది. చూసి, ఏడాదిపాటు నోరు కట్టుకుని కూర్చుంది. విమలకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఒళ్లంతా కాలిపోయేటంత సిగ్గు.

వార్డులోకి వెళ్లేసరికి బాపురావు అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతిలో క్యారియరు, ముఖం కళకళలాడుతోంది. ఎన్నో రోజుల తర్వాత మంచి పని చేసిన మనిషి ముఖం. అత్తగారి మంచానికి కొంచెం దూరంగా, మర్యాదగా నిలబడ్డాడు.

"అత్తమ్మా, అంతా రెడీ అయింది. మీ బాత్రూమ్ మీకొచ్చింది. ఎల్లుండి శుక్రవారం, మంచి రోజు, వచ్చేస్తరా?"

సావిత్రమ్మ కూతురి వైపు చూడలేదు. దుప్పటి అంచును వేళ్లతో మడిచి విప్పి, మళ్లీ మడిచింది. అల్లుడి బూట్ల వైపు చూస్తూ, "మీ ఇష్టం" అంది.

"చూసినవా" అన్నాడు బాపురావు, విమల వైపు తిరిగి నవ్వుతూ.

విమల వెళ్లి తల్లి మంచం మీద, పక్కనే కూర్చుంది. ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకుంది. ఇంకొక్కసారి ఊరుకుంటే చాలు, అమ్మ ఇంటికొస్తుంది, నలుగురిలో తలెత్తుకుని తిరగొచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అమ్మ రాదండి" అంది. "మనింటికి రానని చెప్పింది."

బాపురావు నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "ఏం మాట్లాడుతున్నవు? ఇప్పుడే గద మీ ఇష్టమన్నరు. అత్తమ్మా, ఏందిది?"

సావిత్రమ్మ తల వంచుకుంది. కాదు, వస్తాను అని ఆవిడ అంటుందేమోనని ఇద్దరూ చాలాసేపు ఎదురుచూశారు. ఆవిడ అనలేదు.